అమ్ముడుపోని నగలు అత్యవసర నిధి కావు

ప్రశ్న: రెండేళ్లుగా ఉద్యోగం చేస్తూనే సెలవు రోజుల్లో నగలు చేసి అమ్ముతున్నాను. ఏరి తెచ్చిన పాత పింగాణీ పెంకులు, పారేసిన సీసాల గాజుతో లాకెట్లు, చెవిపోగులు చేస్తాను. సామాను ఖర్చు ధరలో 20 శాతమే, మిగతాదంతా లాభం. సీసా గాజును కరిగించి బిళ్లలు చేయడానికి ఎలక్ట్రిక్ కిల్న్ (కరెంటు బట్టీ) బుక్ చేసి 10 శాతం అడ్వాన్సు ఇచ్చాను. మిగతా 90 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ 16 శాతం వడ్డీకి ఇస్తామన్నారు. చిన్న పనిముట్లు క్రెడిట్ కార్డుతో కొంటాను. బ్యాంకులో రెండు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బుంది. తయారైన నగలన్నీ అమ్మితే ఇంకో ఆరు నెలలు గడుస్తుంది. అమ్మ నా మీదే ఆధారపడింది. ఇద్దరికీ ఆఫీసు ఆరోగ్య బీమా ఉంది. మూడు నెలల్లో ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా. పర్సనల్ లోన్ తీసుకోనా, బంగారం తాకట్టు పెట్టనా?

జవాబు: రెండూ వద్దు. కిల్న్ ఇప్పుడు కొనొద్దు, ఉద్యోగం ఇప్పుడు మానొద్దు.

చేతిపని చేసే చాలామంది పడే పొరపాటే మీ ఉత్తరంలోనూ ఉంది. తయారైన సరుకును పొదుపు కింద లెక్కేశారు. బ్యాంకులో రెండు నెలలు, నగల పెట్టెలో ఆరు నెలలు, మొత్తం ఎనిమిది నెలల ధీమా అనుకున్నారు. మీకున్నది రెండు నెలలే. అమ్మగారిని ఆస్పత్రిలో చేర్చిన రాత్రి లాకెట్ల పెట్టె బిల్లు కట్టదు. ఆ నగలు మీరు వేసుకున్న ధరకు, మీకు అవసరమైన వారంలో, అన్నీ ఒకేసారి అమ్ముడుపోతేనే ఆరు నెలల ఖర్చు. హడావిడిగా అమ్మితే సగం ధరకు ఇవ్వాల్సి వస్తుంది, అందులోంచి కమిషన్, పోస్టేజీ పోవాలి. పైగా జనం ఇంటి ఖర్చులు తగ్గించుకునే రోజుల్లో ముందు ఆపేది ఇలాంటి కొనుగోళ్లే. మీకు కష్టం వచ్చే సమయంలోనే మీ సరుకు కదలడం మానేస్తుంది. అందుకే నిధి లెక్కలో నగల నిల్వ విలువ సున్నా అని రాసుకోండి.

జీతం వచ్చేవారికి అత్యవసర నిధిగా ఆరు నెలల ఖర్చు చాలు అంటాం. రాబడికి నెలనెలా పొంతన లేని పనిలోకి వెళ్లేవారికి, అందులోనూ మరొకరి బాధ్యత ఉన్నవారికి పన్నెండు నెలలు కావాలి. ఇందులో తేలిగ్గా తీసుకోవాల్సిందేమీ లేదు. మూడు నెలల డబ్బు వెంటనే తీయగలిగే ఖాతాలో, మిగతాది ఒకటి రెండు రోజుల్లో చేతికొచ్చే డిపాజిట్లలో గానీ, తక్కువ గడువు రుణపత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్ అయిన లిక్విడ్ ఫండ్‌లో గానీ ఉంచండి. షేర్లలో పెట్టొద్దు, లాకిన్ ఉన్న, అంటే గడువు దాకా డబ్బు తీయనివ్వని పథకాల్లో అసలే వద్దు. పని కోసం మరో ఖాతా తెరిచి తీగ, డ్రిల్ బిట్లు, ప్యాకింగ్, స్టాల్ అద్దెకు మూడు నెలలకు సరిపడా విడిగా ఉంచండి. తీగ అయిపోయిందని ఇంటి నిధిలోంచి తీసే అలవాటు ఒక్కసారి మొదలైతే ఆ నిధి మళ్లీ నిండదు.

ఇప్పుడు మీ 20 శాతం లెక్క చూద్దాం. నూటికి 20 సామానుకు పోతే 80 లాభం అన్నారు. ప్లాట్‌ఫాం కమిషన్, పేమెంట్ చార్జీలు కలిపి 12, పెట్టె, పోస్టేజీ 12, అరిగే బిట్లు, సానకాగితాలు 5, తిరిగొచ్చే సరుకు 5 వేసుకోండి. మిగిలేది 46. స్టాల్ అద్దె, కరెంటు, పన్ను ఇంకా పక్కనే ఉన్నాయి. మీ అంకెలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. 80 మాత్రం ఉండదు.

సమయం లెక్క ఇంతకంటే ముఖ్యం. తీగ అల్లి కొక్కెం బిగించడానికి పట్టే 40 నిమిషాలనే మనవాళ్లు ‘ఒక నగకు పట్టే సమయం’ అంటారు. పెంకు అంచులు అరగదీసి రంధ్రం వేయడానికి 25 నిమిషాలు, పదింటిలో మూడు డ్రిల్ కింద చిట్లుతున్నాయి అనుకుందాం. చేయి కుదరని దశలో ఇది మామూలే. పది పెంకులకు 250 నిమిషాలు పెడితే ఏడే దక్కాయి, అంటే దక్కిన ఒక్కోదానికి దాదాపు 36 నిమిషాలు. కడిగి ఏరడానికి 10, ఫొటో, వివరం, ప్యాకింగ్‌కు 20 కలిపితే ఒక లాకెట్‌కు 106 నిమిషాలు. ఒక లాకెట్ ధరలో మిగిలే ఆ 46 శాతాన్ని ఈ సమయంతో భాగించి, మీ జీతం గంటకు ఎంత పడుతుందో దానితో పోల్చి చూడండి. ఉద్యోగం మానే ముందు ఈ లెక్క కాగితం మీద ఉండాలి.

ఆ చిట్లడాన్ని తగ్గించడానికి అప్పు అక్కర్లేదు. లోతు తక్కువ ట్రేలో మెత్తని చెక్క పెట్టి, పెంకు మునిగేలా నీళ్లు పోసి, వజ్రపు పూత ఉన్న బిట్‌తో తక్కువ వేగంలో వేయండి. నీళ్లలో చేయి ఉంటుంది కాబట్టి డ్రిల్ బ్యాటరీది గానీ, మోటారు నీటికి దూరంగా ఉండేది గానీ అయ్యుండాలి. బిట్‌ను మొదట కొంచెం వాల్చి గాటు పడ్డాక నిలబెట్టండి. సగం దిగాక పెంకును తిప్పి వెనక నుంచి రండి, అప్పుడు అవతలి వైపు పెచ్చు ఊడదు. రంధ్రానికి అంచు నుంచి కనీసం 3 మిల్లీమీటర్లు వదలండి. బిట్ అరిగితే మనం తెలియకుండానే ఎక్కువ నొక్కుతాం, చిట్లేది అక్కడే. పదింటికి ఒకటే పోయే స్థితికి వస్తే ఒక్కోదానికి 36 నిమిషాలు 28 అవుతాయి. ప్రతి నగ మీద 8 నిమిషాలు ఆదా, వడ్డీ లేకుండా.

సముద్రం ఒడ్డున దొరికిన పెంకుల్ని మంచినీళ్లలో నానబెట్టి రోజూ నీళ్లు మారుస్తూ వారం పది రోజులు ఉంచండి. లోపల ఉప్పు మిగిలితే ఆరాక తెల్లటి పొడిలా బయటికొచ్చి గ్లేజు (పింగాణీ మీది గాజులాంటి పూత) పెచ్చులూడుతుంది, తీగ రంగు మారుతుంది. అది జరిగేది కొన్నవారి మెడలో, డబ్బు వాపసు ఇచ్చేది మీరు. పాత గ్లేజుల్లో, రంగుల్లో సీసం, కాడ్మియం ఉండొచ్చు కాబట్టి ఎప్పుడూ తడిగానే అరగదీయండి, ఎన్95కు తగ్గని మాస్కు పెట్టుకోండి, వంటగదిలో ఈ పని చేయొద్దు. ఈ పెంకుల నగలు పిల్లలకు అమ్మొద్దు. ఇవన్నీ డబ్బు సంగతులే. ఒక్క ఆరోగ్య ఫిర్యాదు ఏడాది రాబడిని మింగేస్తుంది.

ఇక కిల్న్. మీ పనిలో కొరత దేనికో చూడండి. పెంకుల లాకెట్లకు కిల్న్‌తో పని లేదు. పెంకులు దొరికినంతే దొరుకుతాయి, పురాతన స్థలాల దగ్గర ఏరడం చాలాచోట్ల నేరం కూడా. అప్పు పెంచుకున్నంత మాత్రాన పెంకులు పెరగవు. కాబట్టి ఈఎంఐ అంతా కొత్తగా మొదలుపెట్టే గాజు బిళ్లలే కట్టాలి. అవి మొదటి నెల నుంచే అమ్మకానికి రావు.

సీసా గాజు దేనికదే. రెండు సీసాల ముక్కలు కలిపి కరిగిస్తే అవి వేర్వేరుగా సంకోచిస్తాయి, అతుకు దగ్గర ఒత్తిడి మిగిలిపోతుంది. బిళ్ల ఆ రోజు అందంగానే ఉంటుంది, వారాల తర్వాత దానంతటదే బీట తీస్తుంది. అందుకే ఒక బిళ్లలో ఒకే సీసా గాజు వాడాలి. పూర్తిగా కరిగి కలవడానికి 800 నుంచి 840 డిగ్రీల సెల్సియస్ కావాలి. దిగేటప్పుడు 700 దాకా త్వరగా దించకపోతే పైన తెల్లటి పొర కడుతుంది. తర్వాత 550 దగ్గర అరగంట నుంచి గంట ఆపి, అక్కడి నుంచి గంటకు 60, 70 డిగ్రీల చొప్పున 370 వరకు దించి, మూత తీయకుండా వదిలేయాలి. ఒక్క విడత వేసి తీసేసరికి రోజు గడిచిపోతుంది. ప్రతి కిల్న్‌లో వేడి ఎక్కువ తగిలే మూల ఒకటి ఉంటుంది, అది తెలిసేవరకు సగం సరుకు చెత్తబుట్టకే. ఒత్తిడి మిగిలిందో లేదో చూడటానికి రెండు పోలరైజింగ్ ఫిల్ములను (ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే పంపే పొరలు) వెలుగు ఆగిపోయేలా ఒకదానికొకటి అడ్డంగా తిప్పి పెట్టి, మధ్యలో బిళ్ల ఉంచి వెనక నుంచి దీపం వేయండి. అతుకు చుట్టూ తెల్లని వెలుగు కనిపిస్తే ఆ బిళ్ల అమ్మకూడదు. ఈ పనిలో చేయి కుదరడానికి మూడు నెలలనుకోండి. ఈఎంఐ మాత్రం మొదటి నెలలోనే మొదలవుతుంది, సరిగ్గా మీ జీతం ఆగిపోయే రోజుల్లో.

16 శాతం వడ్డీకి 36 నెలల్లో తీర్చే ప్రతి వందకు నెలకు దాదాపు 3.52 చొప్పున మొత్తం 126.6 కడతారు, ప్రాసెసింగ్ ఫీజు అదనం. అది కూడా ఒక్క వాయిదా తప్పకపోతేనే. క్రెడిట్ కార్డు సంగతి చెప్పాలంటేనే కోపం వస్తుంది. నెలకు 3 శాతం అని చిన్నగా రాసిన వడ్డీ, చక్రవడ్డీతో ఏడాదికి 42.6 శాతం. నూటికి 46 మిగిలే పనిలోంచి, అదీ మీ కష్టానికి ఇంకా కూలి వేసుకోకముందే, 42.6 శాతం వడ్డీ కట్టే దారి లేదు. కనీస మొత్తం కడుతూ పోవచ్చులే అనుకుంటే మీ కష్టమంతా వడ్డీకే. కార్డుతో పనిముట్లు కొనే ఆలోచన ఈరోజుతో మానేయండి. బంగారం విషయానికొస్తే, ధర పడితే అదనంగా కట్టమంటారు, కట్టలేకపోతే వేలం వేస్తారు. మీ నిధి నిండేవరకు అది ఇంట్లోనే ఉండనివ్వండి.

గాజు పని నేర్చుకోవాలన్న ఆశ మంచిదే, దానికి కిల్న్ సొంతమై ఉండనక్కర్లేదు. గాజు పని చేసే స్టూడియోల్లో విడతకింత అని అద్దెకిస్తారు. కుండల బట్టీలో వాటితో కలిపి మాత్రం కాల్చలేరు, ఆ వేడి వేరు. కరిగించకుండానే సీసా ముక్కల్ని చిన్న తిరుగుడు డ్రమ్ములో సిలికాన్ కార్బైడ్ గరుకు పొడి, నీళ్లతో రోజుల తరబడి తిప్పితే అంచులు మొద్దుబారి మసక మెరుపు వస్తుంది. డ్రమ్మును సగం నుంచి మూడింట రెండొంతుల వరకే నింపండి. ఆ బురద నీళ్లు సింకులో పోస్తే గొట్టం బిగుసుకుపోతుంది. గ్లేజు ఉన్న పెంకులు అందులో వేయకండి, బొమ్మ అరిగిపోతుంది.

బీమా విషయంలో ఆలస్యం వద్దు. ఆఫీసు పాలసీ మీ రాజీనామాతోనే పోతుంది, అమ్మగారికీ పోతుంది. పెద్దవయసులో కొత్త పాలసీ తీసుకుంటే ముందున్న జబ్బులకు నిరీక్షణ కాలం ఉంటుంది. అది ఉద్యోగంలో ఉండగానే గడిచిపోవాలి. మీ పేరిట, అమ్మగారి పేరిట సొంత ఆరోగ్య పాలసీలు ఈ నెలలోనే మొదలుపెట్టండి. మీ రాబడి మీ చేతివేళ్ల మీద ఉంది. కాబట్టి తాత్కాలిక వైకల్యానికి వారం వారం చెల్లించే ప్రమాద బీమా, అమ్మగారి కోసం మీ పేరిట టర్మ్ పాలసీ తీసుకోండి. ఇంట్లో వ్యాపారం, అందులోనూ వందల డిగ్రీల పరికరం ఉన్న సంగతి చెప్పకపోతే ఇంటి బీమా క్లెయిమును తిరస్కరించే అవకాశం ఎక్కువ. ఎప్పుడు కొన్నా కిల్న్ పెట్టకముందే కంపెనీకి రాసి తెలియజేయండి.

ఉద్యోగం ఎప్పుడు మానాలి? జీతంలోంచి, నగల అమ్మకంలోంచి కలిపి నెలకు అర నెల ఖర్చు దాచగలిగితే, మీకు తక్కువైన పది నెలల ఖర్చు 20 నెలల్లో పోగవుతుంది. ఇప్పుడున్న నిల్వను తొందరపడకుండా మంచి ధరకు అమ్మి ఆ సొమ్మంతా అందులోనే వేస్తే ఇంకా ముందే అవుతుంది. ఆ తర్వాత వరసగా ఆరు నెలలు, పైన చెప్పినట్టు అన్నీ తీసేశాక మిగిలిన నగల రాబడి ఇంటి ఖర్చులో నాలుగింట మూడొంతులకు తగ్గకుండా వస్తే అప్పుడు రాజీనామా గురించి ఆలోచించండి. కిల్న్‌ను పని ఖాతాలో మిగిలిన డబ్బుతోనే కొనండి.

అడ్వాన్సు పోతుందన్న దిగులుతో ముందుకెళ్లొద్దు. ఆర్డరు రద్దు చేస్తున్నట్టు ఈ వారమే రాతపూర్వకంగా పంపండి, రసీదు మీద రద్దు షరతులు ఏమున్నాయో చదవండి. డబ్బు వాపసు ఇవ్వం అని వాళ్లంటే, అంతే మొత్తానికి డ్రిల్ బిట్లు, గరుకు పొడి, చిన్న డ్రమ్ము లాంటివి ఇస్తారేమో అడగండి. ఏదీ కుదరకపోతే పోయేది 10 శాతం. దాన్ని కాపాడుకోవడానికి మిగతా 90 శాతం అప్పు చేస్తే, వడ్డీతో కలిపి కిల్న్ ధరలో దాదాపు 114 శాతం కట్టాలి.