అమ్మకు మళ్లీ నవల ఎలా?

ప్రశ్న: మా అమ్మకి 68 ఏళ్లు. పెళ్లికి ముందు నుంచీ అద్దెకి నవలలు తెచ్చుకుని చదివిన మనిషి, డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. రెండేళ్లుగా చూపు బాగా తగ్గింది, అద్దాలు మార్చినా లాభం లేదని డాక్టర్ చెప్పేశారు. కిటికీ పక్కన భూతద్దం పెట్టుకుని కూర్చుంటుంది, ఒక్క పేజీకే తలనొప్పి. ఇంట్లో అందరూ ఫోన్‌లో ప్రవచనాలు పెట్టమంటున్నారు. వేరే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ప్రవచనాలు ఆవిడ అడిగితే పెట్టండి, అడక్కపోతే వద్దు. చూపు తగ్గగానే పెద్దవాళ్ల ఇష్టాలు కూడా మారిపోయినట్టు అందరూ భక్తిలోకి దింపేస్తారు, అది చూస్తే నాకు చాలా బాధేస్తుంది. ఆవిడకి హత్య ఎవరు చేశారో తెలుసుకోవాలనుంది, అది తెలిసే దారి చూద్దాం.

మన లిపిలో వత్తులతో పెద్ద చిక్కు. 'బుద్ధి'లో అక్షరం కింద ఉన్నది ద వత్తో ధ వత్తో పోల్చుకోవడానికే కళ్లు లాగేస్తాయి. కాబట్టి పెద్ద అక్షరాల పుస్తకం కొనేముందు ట్యాబ్‌లో అక్షరాలు బాగా పెంచి, నల్లటి తెర మీద తెల్లగా పెట్టి చూడండి, చాలామందికి అది హాయిగా ఉంటుంది.

అదీ కష్టమైతే వినడమే. ఆండ్రాయిడ్ ఫోన్ తెలుగు చదివి వినిపిస్తుంది, కానీ తెలుగు పీడీఎఫ్‌లు చాలావరకు పేజీల ఫొటోలు, లేదంటే యూనికోడ్ (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తించే అక్షరాల పద్ధతి) కాకుండా అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో చేసినవి, వాటిని ఫోన్ చదవలేదు, చదివినా అర్థంలేని అక్షరాలు పలుకుతుంది. అప్పుడు పేజీ ఫొటోని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలుగా మారుతుంది, కొన్ని తప్పులొస్తాయి, ఒకసారి సరిచూసుకోండి. 2016లో మొదలైన 'సుగమ్య పుస్తకాలయ' అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, అచ్చు చదవలేనివాళ్ల కోసమే, వైకల్య ధ్రువపత్రం ఉంటే చేరవచ్చు.

వీటన్నిటికంటే నాకు నచ్చేది, ఇంట్లో పిల్లలు రోజూ ఒక అధ్యాయం చదివి ఫోన్‌లో రికార్డు చేయడం. చూపు లేక చదవలేనివాళ్ల సొంత వాడకానికి ఇలా చేసివ్వడం తప్పు కాదు, 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి మరీ అనుమతిచ్చారు. మొదట్లో పావుగంటలో అయిపోయే కథలు వినిపించండి, చెవితో చదవడం కూడా అలవాటు కావాలి కదా. తర్వాత డిటెక్టివ్‌తో పాటు ఒక ఆత్మకథ, ఒక యాత్రా కథనం మొదటి రెండు పేజీలు వినిపించి ఏది కావాలో ఆవిడనే ఎంచుకోనివ్వండి.

ప్రశ్న: మా ఊరి లైబ్రరీ మేడ మీద ఉంది. నాన్న వీల్‌చైర్‌లో ఉంటారు, మెట్లెక్కలేరు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: జిల్లా గ్రంథాలయ సంస్థకి కాగితం మీద అర్జీ పెట్టండి. మనం కట్టే ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం, పైగా ప్రజలు వాడే భవనాల్లోకి వికలాంగులు రాగలగాలని 2016 చట్టం ఉంది, మొహమాటం అక్కర్లేదు. 1935లో గ్రంథాలయ ఉద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు వేసుకుని కృష్ణా కాలువ వెంట ఊరూరా తిప్పారు, అలాంటిది మేడ మీది పుస్తకం కిందికి దిగదా! ఈలోగా మీ పేరున సభ్యత్వం తీసుకుని, ఇచ్చినన్ని పుస్తకాలు తలో రకంవి తెచ్చి నాన్నగారి మంచం పక్కన పెట్టండి. ఆయన ముందు ఏది తెరిచారో గమనించి, మళ్లీసారి అలాంటివే ఇంకో రెండు తేండి.