చెయ్యి చేసుకోలేదు సరే, మరి ఫోన్ సంగతేంటి?

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. నాకు 31 ఏళ్లు, హైదరాబాద్‌లో ప్రైవేట్ జాబ్, సొంతూరు ఖమ్మం దగ్గర. పెళ్లై రెండేళ్లు. నాలుగు నెలల నుంచి మా ఆవిడ పుట్టింట్లోనే ఉంటోంది, పెద్దమనుషుల్లో రెండుసార్లు కూర్చున్నాం, తేలలేదు. పోయిన వారం మహిళా పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్, మీ మీద కంప్లైంట్ వచ్చింది కౌన్సెలింగ్‌కి రండి అని. వరలక్ష్మీ వ్రతం రోజు సాయంత్రం నేను తాగొచ్చి కొట్టానంట, మా అమ్మ, అక్క పక్కనుండి కొట్టించారంట, పది లక్షలు అదనపు కట్నం అడిగామంట. ఆ రోజు నేను ఆఫీసు ట్రైనింగ్ మీద పుణెలో ఉన్నా. అక్క ఉండేది బెంగళూరులో, మా పెళ్లయ్యాక ఇంటికొచ్చిందే రెండుసార్లు. ఒకసారి గొడవలో తన ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టిన మాట నిజం, అంతకుమించి ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. స్టేషన్‌కి పోతే లోపలేస్తారని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. వాళ్లింటికెళ్లి నిలదీద్దాం, లేదంటే మనమే ముందు కేసు పెడదాం అంటున్నాడు మా బావ. తన బంగారం నా బ్యాంక్ లాకర్‌లో ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు మీ బావని కాసేపు పక్కన కూర్చోబెట్టు. నిలదీయడానికని నలుగురు మగాళ్లు కార్లో దిగితే, అప్పటిదాకా లేని గొడవకి వీధంతా సాక్షులవుతారు. ఇన్నేళ్లలో నేను చూసినవాటిల్లో చాలామంది మునిగింది ఎదుటివాళ్లు రాసిన అబద్ధం వల్ల కాదు, ఆ ఫోన్ వచ్చిన రాత్రి పదకొండింటికి వీళ్లు కోపంలో కొట్టిన వాట్సాప్ మెసేజ్‌ల వల్ల, నీ అంతు చూస్తా అని ఒక్క ముక్క రాస్తే చాలు, పుణె హోటల్ బిల్లు కంటే అదే ముందు కోర్టులో కనపడుద్ది. కాబట్టి ఆ అమ్మాయికి గానీ, మీ మామగారికి గానీ ఇప్పుడు ఏమీ పంపకు, పాతవి ఏవీ డిలీట్ చెయ్యకు, ఫోన్ కూడా మార్చకు.

స్టేషన్‌కి వెళ్లకుండా తప్పించుకు తిరగడం అన్నిటికంటే పెద్ద తప్పు. భార్యని భర్త, అత్తింటివాళ్లు వేధిస్తే పెట్టే, మనందరికీ 498ఏ గానే తెలిసిన సెక్షన్ 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 అయింది, శిక్ష మాత్రం అదే, మూడేళ్ల దాకా జైలు, జరిమానా. బెయిల్ హక్కుగా వచ్చే కేసు కాదు, అందుకే ఈ భయం. అయితే 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది, ఇలాంటివాటిల్లో కంప్లైంట్ రాగానే అరెస్ట్ చెయ్యకూడదు, అవసరం లేనప్పుడు నోటీసిచ్చి పిలవాలి అని. అప్పట్లో 41ఏ నోటీసు అనేవాళ్లు, ఇప్పుడు అరెస్టు, బెయిల్ పద్ధతులకి వచ్చిన కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 35(3). నోటీసుకి టైంకి వెళ్లి సహకరించినవాణ్ణి అరెస్ట్ చెయ్యాలంటే పోలీసులు కారణం కాగితం మీద రాయాలి. కాబట్టి లాయర్‌ని కలిసి, ముందస్తు బెయిల్ అవసరమా కాదా ఆయన్నే తేల్చమని, కౌన్సెలింగ్‌కి వెళ్లు. అక్కడ ఎవరు తొందరపెట్టినా చదవకుండా, లాయర్‌కి చూపించకుండా సంతకం పెట్టకు, ఖాళీ కాగితం మీదైతే అసలు వద్దు. ఫీజుకి ఇబ్బందైతే 15100కి ఫోన్ చేసి ఉచిత న్యాయసాయం నీకు వర్తిస్తుందేమో కనుక్కో.

పుణె సంగతికి టికెట్, హోటల్ బిల్లు, ఆఫీసు మెయిల్, ట్రైనింగ్‌లో సంతకం పెట్టిన అటెండెన్స్, ఇవన్నీ ఇప్పుడే తీసిపెట్టుకో, ఆరు నెలలాగితే హోటల్ వాళ్లు నీ మొహం కూడా గుర్తుపట్టరు. ఫోన్‌లో ఉన్నవి కోర్టులో ఇవ్వాలంటే వాటికి సర్టిఫికెట్ కావాలి, అది లాయర్ చూసుకుంటాడు.

అమ్మ, అక్క విషయంలో మరీ బెంగ వద్దు. 2024 డిసెంబర్‌లో మన తెలంగాణ నుంచి వెళ్లిన దారా లక్ష్మీనారాయణ కేసులోనే సుప్రీంకోర్టు, ఎవరేం చేశారో చెప్పకుండా ఇంటిల్లిపాది పేర్లూ రాసేస్తే కుదరదని కేసు కొట్టేసింది. ఎఫ్‌ఐఆర్ అయితే మీవాళ్లు కూడా హైకోర్టుకి వెళ్లొచ్చు. అలాగని నిజంగా దెబ్బలు తిన్న ఆడవాళ్లు నోరు మూసుకోవాలని కాదు, ఆ మాట కూడా ఆ తీర్పులోనే ఉంది.

ఎదురు కేసు ఇప్పుడు వద్దు. తప్పుడు కేసు పెట్టడం కూడా క్రూరత్వమే, విడాకులకి కారణమవుతుందని 2013లో కె. శ్రీనివాసరావు కేసులో అన్నారు, నిజమే, కానీ అది తప్పుడు కేసని తేలాక మాట. సాక్ష్యం చాలక కొట్టేస్తే అది తప్పుడు కేసని తేలినట్టు కాదు, ఈ తేడా మీ బావకి కూడా చెప్పు.

బంగారం ఆ అమ్మాయిది, అందులో వాదనే లేదు. లాకర్ తెరిచి అటూ ఇటూ మార్చావో నమ్మకద్రోహం కింద ఇంకో సెక్షన్ చేరుద్ది. మీ సొమ్ము భద్రంగా ఉంది, వచ్చి తీసుకోండి అని లాయర్‌తో రాయించు, ఇచ్చేటప్పుడు తూకంతో సహా లిస్టు రాసి సంతకం తీసుకో. బీరువాలో చీరలున్నా అంతే, కదిలించకు.

ఇక ఆ ఫోన్. నువ్వేమో ఒక్క లైనులో దాటేశావు, నాకేమో ఉత్తరమంతా చదివాక అదొక్కటే కళ్ల ముందు నిలబడింది. 2005 గృహహింస చట్టంలో కొట్టడం ఒక్కటే హింస కాదు, తిట్టడం, బెదిరించడం, డబ్బులకి కట్టడి చెయ్యడం కూడా వస్తాయి. నేనేమీ చెయ్యలేదు, అంతా అబద్ధం అని ఒకే మాటగా రాసిచ్చావనుకో, రేపు ఆ అమ్మాయి పగిలిన ఫోన్ తీసి బల్ల మీద పెడితే నీ పుణె టికెట్‌ని కూడా ఎవరూ నమ్మరు. వ్రతం రోజు సంగతి అబద్ధమైతే అదే చెప్పు, కట్నం అడగలేదంటే అదీ చెప్పు, ఫోన్ పగలగొట్టావు కాబట్టి ఆ విషయం మొదట లాయర్‌తో చెప్పు, దాన్ని ఎలా రాయాలో ఆయన చూస్తాడు. నేను విన్నది నీ వైపు మాత్రమే అని మర్చిపోకు.

ఫోన్ పగిలాక కొత్తది కొనిచ్చావా, ఎన్నాళ్లకి కొనిచ్చావు, అప్పటిదాకా ఆ అమ్మాయి వాళ్లమ్మతో ఎవరి ఫోన్ నుంచి మాట్లాడింది, ఇవేవీ రాయలేదు నువ్వు. అవతలి లాయర్ మొదట అడిగేది అదే, తేదీలతో సహా ఒక కాగితం మీద రాసుకుని వెళ్లు.