గమ్ నమిలిస్తే దవడ సరవుతుందా?

తొమ్మిదేళ్ల బాబు ఎప్పుడూ నోరు తెరిచి ఉంచుతున్నాడు, ముఖం పొడవుగా సాగుతోంది, గట్టి గమ్ నమిలించమంటారా అని అడిగారు కదా. గమ్‌తో మొదలుపెట్టకండి.

కండరం లాగే చోట ఎముక బలపడే మాట నిజమే. దవడ మూలలో, నమలడానికి వాడే మాసెటర్ కండరం అతుక్కునే భాగం అలాగే పెరుగుతుంది. కండరాల క్షీణత వ్యాధి ఉన్న పిల్లల్లో దవడను పైకి పట్టి ఉంచే బలం తగ్గి, వెనుక దంతాలు ఎక్కువగా పైకి వచ్చేస్తాయి. దాంతో దవడ కిందికీ వెనక్కీ తిరిగి, ముఖం పొడవై, ముందు పళ్లు కలవవు. అయితే మామూలు పిల్లల సంగతి వేరు. 1983లో ప్రాఫిట్, ఫీల్డ్స్ అనే దంతవైద్య పరిశోధకులు కొలిచినప్పుడు పొడవు ముఖం ఉన్న పెద్దల్లో కొరికే బలం తక్కువగా కనిపించింది, పిల్లల్లో మాత్రం తేడా లేదు. అంటే బలహీనతే కారణమని చెప్పలేం.

ముందు ముక్కు చూపించండి. పెదవులు మూయించి, ముక్కు కింద చిన్న అద్దం పెట్టండి. ఒక వైపే ఆవిరి పడితే, లేదా నిమిషం లోపే నోరు తెరిస్తే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండి, ఉబ్బితే గాలికి అడ్డుపడే కణజాలం) పరీక్ష చేయించండి. రాత్రి గురక ఉంటే అదీ చెప్పండి. తర్వాత ఆర్థోడాంటిస్ట్‌కి, అంటే పళ్ల వరుస, దవడ సరిచేసే దంతవైద్యుడికి చూపించండి. పై దవడ ఇరుకుగా ఉంటే వెడల్పు చేసే ప్లేట్ ఈ వయసులో బాగా పనిచేస్తుంది, అంగిలి మధ్య అతుకు ఇంకా గట్టిపడదు కాబట్టి.

జొన్నరొట్టె, క్యారెట్, జామకాయ రెండు వైపులా నమలనివ్వండి, చాలు. గంటల తరబడి గమ్ నమిలితే కండరం లావెక్కి, చెవి ముందున్న దవడ కీలు నొప్పి పెట్టవచ్చు.