యూరియా క్రీమ్‌కి భయపడకండి, పర్సెంటేజీ మాత్రం చూడండి

చలికి మడమలు పగిలాయి, డాక్టర్ యూరియా క్రీమ్ రాశారు, పొలానికి వేసే యూరియా ఒంటికి రాసుకోవడమేంటి, దానికంటే గ్లిజరిన్ మేలు కదా అని మీరు అడిగారు. నేను రెండింటితోనూ దెబ్బ తిన్నదాన్నే, అందుకే చెప్తున్నా.

మా పుట్టిల్లు సాలూరు. పెళ్లయ్యాక ఘాట్ రోడ్డెక్కి ఒడిశాలో కోరాపుట్ దగ్గర సునాబెడకి వచ్చా. మొదటి చలికాలానికే పిక్కల మీద చర్మం పొలుసులు లేచింది, గోరుతో గీస్తే తెల్లటి గీత పడేది. మందుల షాపులో గ్లిజరిన్ సీసా కొని, నీళ్లేమీ కలపకుండా మొహానికి పట్టించి పడుకున్నా. పొద్దున్నకి బుగ్గలు బిగుసుకుపోయి నవ్వడానికి కూడా రాలేదు! గ్లిజరిన్ పని నీటిని లాగి పట్టుకోవడం. గాలి పొడిగా ఉండి, పైన ఏ పూతా లేకపోతే అది చర్మం లోపలి నీటినే లాగుతుంది. అందుకే స్నానం చేసి తుడుచుకున్న రెండు మూడు నిమిషాల్లో, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే గ్లిజరిన్ ఉన్న లోషన్ రాసి, బాగా పొడిబారిన చోట పైన కాస్త వాజలీన్ రాయండి. వాజలీన్ తేమ ఇవ్వదు, ఉన్న తేమని పోనివ్వదు, అంతే.

ఇక యూరియా. అది మన చర్మం పైపొరలో సహజంగానే ఉంటుంది. క్రీముల్లో వేసేది శుద్ధి చేసినది, కాబట్టి డబ్బు మిగులుతుందని ఎరువు బస్తా జోలికి మాత్రం పోకండి (మా మామగారు "వరికి బస్తా, కోడలికి ట్యూబా" అని ఇప్పటికీ ఆటపట్టిస్తారు). 5 నుంచి 10 శాతం ఉంటే తేమ పడుతుంది, 20, ఆ పైన ఉంటే మందంగా గట్టిపడిన చర్మాన్ని మెత్తబరిచి ఊడదీస్తుంది. నేను అదేం చూడకుండా 20 శాతం ట్యూబు తెచ్చి, నెత్తురు చిమ్ముతున్న పగులులో కూరేశాను. నిప్పు తొక్కినట్టయింది, బకెట్‌లో కాలు పెట్టుకుని కూర్చున్నా. పగులు తెరుచుకుని ఉంటే ముందు వాజలీన్ రాసి సాక్సులు వేసుకోండి, అది మూసుకున్నాకే యూరియా. మొహానికీ, చిన్నపిల్లలకీ ఇంట్లో ఉంది కదా అని ఆ ఘాటు ట్యూబు వాడొద్దు. షుగర్ ఉంటే పగుళ్ల సంగతి సొంత వైద్యానికి వదలకండి.

కొత్త క్రీమ్ ఏదైనా మోచేతి మడతలో రెండు రోజులు రాసి చూడండి. బెటామెథాసోన్, క్లోబెటాసోల్ అని రాసి ఉన్నవి స్టెరాయిడ్లు, వాటిని మాయిశ్చరైజర్‌లా రోజూ పూసుకోకూడదు. ఇంకోటి, ఇక్కడ చలిమంట దగ్గర కూర్చోవడం అలవాటు కదా, వాజలీన్ ఇంకిన సాక్సులూ దుప్పట్లూ తొందరగా అంటుకుంటాయి, అవి వేసుకుని మంట దగ్గరికి పోకండి.

మీ ట్యూబు మీద ఎంత శాతం అని ఉంది? పగులులోంచి నెత్తురు వస్తోందా? అది చెప్తే రాత్రికి రాయాలో ఆగాలో చెప్తా.