మోకాళ్ళ నొప్పికి అందుగు బంక తినవచ్చా?

గుంటూరులో మూలికల దుకాణం నుంచి అందుగు బంక (అందుగు చెట్టు నుంచి కారే జిగురు) తెచ్చి, పొడి చేసి, పాలలో కలిపి మీ అమ్మగారికి ఇవ్వవచ్చా అని అడిగారు. దుకాణపు బంకను నేరుగా మింగించవద్దని నా సలహా. మోకాలి కీళ్ళు అరిగిన మా అమ్మగారికి, విజయవాడలో మేము చూపించుకునే ఎముకల వైద్యుని అనుమతితో, ఆ బంక నుంచే తీసిన శల్లకి మాత్రలు వాడుతున్నాం కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అందుగు బంకలో వాపును తగ్గించేవి ప్రధానంగా బోస్వెల్లిక్ ఆమ్లాలు. వాటిలో బాగా బలమైనది ఏకేబీఏ. మన శరీరంలో 5-లైపాక్సిజనేజ్ అనే ఎంజైము, వాపును పెంచే ల్యూకోట్రయీన్లను తయారు చేస్తుంది. బోస్వెల్లిక్ ఆమ్లాలు ఈ ఎంజైమును అడ్డుకుంటాయని జర్మనీ శాస్త్రవేత్తలు 1992లో చూపారు. ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు అడ్డుకునేది సైక్లోఆక్సిజనేజ్ అనే వేరొక ఎంజైమును.

పచ్చి బంకలో ఏకేబీఏ కొద్దిగానే ఉంటుంది, అదీ సరుకును బట్టి మారుతుంది. ధూపానికని మేము తెచ్చిన బంకను పళ్ళెంలో పోసి చూస్తే బెరడు పేళ్ళు, ఇసుక రేణువులు కనిపించాయి. ధూపానికి ఫరవాలేదు గాని కడుపులోకి పంపవలసినది కాదు. మాత్రల డబ్బా మీద ‘65 శాతం బోస్వెల్లిక్ ఆమ్లాలు’ అని ఉన్నా, అది అన్ని ఆమ్లాల మొత్తమే కనుక ఏకేబీఏ ఎంతో విడిగా రాశారేమో చూడండి.

మన విజయవాడ ఆటోనగర్‌లోని లైలా ఇంపెక్స్ పరిశోధకులు, ఏకేబీఏను 30 శాతానికి పెంచిన సారాన్ని 75 మంది మోకాలి రోగులకు 90 రోజులు ఇచ్చి చూసిన పరీక్ష 2008లో ప్రచురితమైంది. మందు లేని మాత్ర వేసుకున్నవారికంటే సారం వాడినవారికి నొప్పి ఎక్కువగా తగ్గింది. తయారుచేసినవారే పాల్గొన్న పరీక్ష కనుక దానినొక్కదాన్నే ఆధారం చేసుకోలేను. అయితే పలు పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2014 నాటి సమీక్ష కూడా నొప్పిలోనూ కదలికలోనూ కొద్దిపాటి మేలు ఉన్నట్లు తేల్చింది. మా అమ్మగారి విషయంలో చూసిందీ అంతే. కత్తిపీట ముందునుంచి గోడ పట్టుకొని లేచే ఆమె, కొన్ని వారాలకు మోకాలి మీద చెయ్యి ఆన్చుకొని తనంతట లేవగలిగారు, మెట్లు ఎక్కడం మాత్రం ఇప్పటికీ కష్టమే. వ్యాయామాలు కూడా చేయించాం కనుక ఘనతంతా మాత్రలకే ఇవ్వలేను.

ఈ ఆమ్లాలు ఖాళీ కడుపున సరిగా ఒంటబట్టవు, కొవ్వు ఉన్న భోజనంతో చాలా ఎక్కువగా రక్తంలోకి చేరతాయి. అందుకే మేము పప్పన్నంలో నెయ్యి వేసుకొని తిన్న వెంటనే ఇస్తాం. ఈ బంకకు ఆవిరి పట్టి తీసిన సాంబ్రాణి నూనెలో ఇవి దాదాపు ఉండవు, ఎందుకంటే ఆవిరితో పైకి లేచేంత తేలికైన పదార్థాలు కావు. కనుక ఆ నూనె మర్దనా వల్ల ఇదే ఫలితం ఆశించకండి.

రక్తం పలచబడే వార్ఫరిన్ వంటి మందు వాడుతుంటే వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టవద్దు. శల్లకికి బదులు గుగ్గులు మాత్రలు ఇస్తామని ఎవరైనా అంటే మరింత జాగ్రత్త అవసరం. అది వేరే చెట్టు బంక. ప్రొప్రనలాల్, డిల్టియజెమ్ వంటి గుండె, బీపీ మందులు రక్తంలోకి చేరే మోతాదును అది తగ్గించగలదు. మీ అమ్మగారు వాడే మందుల చీటీని వైద్యునికి తప్పక చూపించండి.