పేజీలు ముందు, కుట్టడం ఆఖర్న

మీ ప్రశ్న చదువుతుంటే పదేళ్ళ కిందటి నా అవస్థే గుర్తొచ్చిందండీ. మూడేళ్ళుగా ఆర్ట్ జర్నల్, అంటే బొమ్మలతో, అతికిన కాగితాలతో నింపుకునే డైరీ, చేస్తున్నానని, ఎంత మంచి నోట్‌బుక్ కొన్నా పది పేజీలు దాటడం లేదని, కాగితం ముక్కలు అతికి చేసిన కొలాజ్‌లన్నీ ఇన్‌స్టాగ్రామ్‌లో చూసినవాటిలాగే ఉన్నాయి తప్ప మీవిగా అనిపించడం లేదని రాశారు. పుస్తకం సొంతంగా కుట్టుకోవడం నేర్చుకుంటే ఇది మారుతుందా, నలభై దాటాక మొదలుపెడితే ఆలస్యమా అని అడిగారు.

మారుతుంది. నాకు మారింది. కాకపోతే నేను చాలాకాలం వరస తప్పి చేశాను. ముందు పుస్తకం కుట్టేసుకుని, తర్వాత దాన్ని దేంతో నింపాలా అని కూర్చునేదాన్ని. ఆ వరస తిరగేశాకే నా చేతికి పని కుదిరింది. పేజీలు ముందు చేయండి, కుట్టడం ఆఖర్న పెట్టుకోండి. ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మాది విజయవాడ. ఆర్ట్ కాలేజీలో చదువుకోలేదు, ఆఫీసు ఉద్యోగం. 2012లో మా పాప పుట్టాక దాని ఫొటోలు, ఆసుపత్రి బ్యాండు, మొదటిసారి కత్తిరించిన జుట్టు అన్నీ ఒకచోట పెడదామని స్క్రాప్‌బుక్ మొదలుపెట్టాను. ఆన్‌లైన్‌లో డిజైన్ పేపర్ల ప్యాకెట్లు తెప్పించేదాన్ని. ఈఫిల్ టవర్, గులాబీలు, ఎవరో ఎవరికో రాసిన ఇంగ్లిషు ఉత్తరాల ముక్కలు. అంటిస్తే అందంగానే ఉండేవి. మా అమ్మ ఒకసారి తిరగేసి, "బాగుందే, కానీ ఇందులో మనిల్లేది?" అంది. అప్పుడు చిన్నబుచ్చుకున్నాను. ఆ మాట లోపలికి దిగడానికి చాలా ఏళ్ళు పట్టింది.

2015లో గవర్నర్‌పేటలో ఒక చిన్న బైండింగ్ షాపులో పని చూడటానికి వెళ్ళాను. ప్రెస్సుల పని ఎక్కువగా ఉండే ఊరు కాబట్టి మాకు ఆ అదృష్టం ఉంది. షాపు పెద్దాయన శనివారం సాయంత్రాలు రమ్మన్నారు. మొదటి రోజు సూదీ దారం ఇస్తారనుకుంటే పాత న్యూస్‌పేపరు చేతికిచ్చి, "ముందు నిలువుగా చింపమ్మా, తర్వాత అడ్డంగా చింపు" అన్నారు. ఒకవైపు గీత గీసినట్టు తిన్నగా చిరిగింది. రెండోవైపు ఎంత జాగ్రత్తగా లాగినా వంకర పోయింది. బట్టకి నిలువు పోగు, అడ్డ పోగు ఉన్నట్టే మిల్లు కాగితానికీ ఒక దిశ ఉంటుంది. మిషన్ మీద గుజ్జు పరుగెత్తేటప్పుడు నారలన్నీ ఎక్కువగా ఒకే వైపు తిరుగుతాయి. ప్రెస్సువాళ్ళు దాన్ని గ్రెయిన్ అంటారు. పుస్తకం వెన్ను ఏ దిశలో ఉంటుందో కాగితం గ్రెయిన్, అట్ట గ్రెయిన్, పైన అంటించే గుడ్డ పోగు అన్నీ ఆ దిశలోనే ఉండాలి. ఎందుకంటే తడి తగిలితే కాగితం గ్రెయిన్‌కి అడ్డంగానే ఎక్కువ సాగుతుంది. ఇది పట్టించుకోకుండా ఇంట్లో చేసుకున్న నా మొదటి పుస్తకం అట్టలు ఆరేసరికి వేయించిన అప్పడంలా వంకర తిరిగాయి. ఎన్ని రోజులు సన్నికల్లు కింద పెట్టినా దారికి రాలేదు.

జిగురు కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఒక వంతు మైదా, ఐదు వంతుల నీళ్ళు, ఉండలు కట్టకుండా చన్నీళ్ళలో కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ ఉంటే తెల్లగా ఉన్నది కాస్త గాజులా మారుతుంది. అప్పుడు దించి, చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టాలి. పురుగు పట్టకుండా షాపుల్లో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలున్న ఇంట్లో, వంట గిన్నెల్లో దాని జోలికి పోకండి. నేను కొంచెం కొంచెం కాచుకుని రెండు మూడు రోజుల్లో వాడేస్తాను, మిగిలింది పారేస్తాను. మైదా జిగురులో ఉన్న గొప్ప సుఖం ఏమిటంటే, నెమ్మదిగా ఆరుతుంది. అంటించిన ముక్క నచ్చకపోతే పక్కకి జరుపుకోవచ్చు. కొలాజ్‌కి ఆ వెసులుబాటు చాలా ముఖ్యం. సీసాల్లో వచ్చే తెల్ల జిగురు గట్టిగానే పట్టుకుంటుంది, కానీ మనసు మార్చుకోనివ్వదు.

అలా రెండేళ్ళలో తొమ్మిది పుస్తకాలు కుట్టాను. ఒకదానికి మంగళగిరి చీర అంచు వేశాను, ఒకదానికి వెన్ను మూయకుండా కుట్లు పైకి కనపడేలా వదిలేశాను. తొమ్మిదీ ఖాళీగా బీరువాలో ఉండిపోయాయి. మీరు కొన్న నోట్‌బుక్‌లో పది పేజీలు దాటడం లేదంటున్నారు. నేను కుట్టినవాటిలో మొదటి పేజీ కూడా దాటలేకపోయాను. అంత కష్టపడి కుట్టినదాంట్లో ఒక్క గీత తప్పుగా పడితే ఎలా అని టెన్షన్. చేత్తో కుట్టుకుంటే భయం పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఇంకా పెరుగుతుంది.

2018లో అమ్మ పోయింది. తర్వాత ఆవిడ ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున చుట్టచుట్టి, చీరపేలికతో కట్టిన క్యాలెండర్ కాగితాలు కనిపించాయి. తిథి, నక్షత్రం, వర్జ్యం అచ్చేసి ఉండే గళ్ళ క్యాలెండర్లు. మూడు నాలుగేళ్ళవి దాచింది. ప్రతి గడిలో ఆవిడ చేతిరాత. "పా 1½" అంటే పాలు లీటరున్నర. "సిలిండరు". "చాకలి 22". "పనమ్మాయి రాలేదు". పండక్కి ముందు గళ్ళలో బియ్యం, బెల్లం, నూనె ధరలు. నేను హాస్టల్లో ఉన్న సంవత్సరం ప్రతి ఆదివారం గడిలో "అమ్మాయి ఫోను" అని ఉంది. రెండు ఆదివారాల్లో అది రాసి లేదు. ఆ రెండు ఖాళీ గళ్ళ ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

ఈఫిల్ టవర్ పేపర్లు ఆ రోజే పక్కన పెట్టేశాను.

కానీ ఆత్రంలో ఒక తప్పు చేశాను. ఏప్రిల్ కాగితాన్ని నేరుగా జిగురు రాసి అట్టకి అంటించాను. అది జెల్ పెన్నుతో రాసింది. తడి తగలగానే మూడు గళ్ళలో అమ్మ రాత కరిగి నీలం మరకైపోయింది. అద్దుడు కాగితం పెట్టి ఎంత అద్దినా వెనక్కి రాలేదు. నా పదో తరగతి పరీక్షలు జరిగిన వారం అది. అందుకే మీకు గట్టిగా చెప్తున్నాను: మళ్ళీ దొరకని కాగితానికి జిగురు రాయకండి. జిరాక్స్ తీయించి, ఆ కాపీతో పని చేయండి. జిరాక్స్ మిషన్‌లో వాడేది పొడి, అది వేడికి కాగితానికి అతుక్కుంటుంది కాబట్టి తడికి కరగదు. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీసినది చాలావరకు కరుగుతుంది. అసలు కాగితాన్ని పుస్తకంలో పెట్టాలనే ఉంటే, పాత ఫొటో ఆల్బమ్‌లలో ఫొటోకి నాలుగు మూలల్లో కాగితపు జేబులు ఉండేవి గుర్తుందా, అలా మూలలు చేసి దూర్చండి. జిగురు మూలకి తగలాలి, కాగితానికి కాదు.

ఆ ఏప్రిల్ తర్వాత మిగతా నెలల్ని కట్టిన పుస్తకంలో ముట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు. విడి కాగితాల మీద మొదలుపెట్టాను. ఒక్కో డ్రాయింగ్ షీటు మీద ఒక నెల. నచ్చకపోతే ఆ షీటు పక్కన పెట్టి ఇంకోటి. జనవరి మూడుసార్లు చేశాను, మే ఒక్కసారికే కుదిరింది. విడిగా ఉన్నాయి కాబట్టి నేల మీద పరిచి వరస మార్చుకోవచ్చు, రెండు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఆరు నెలలు అలా చేశాక, పుస్తకం ఎలా కట్టాలో ఆ కాగితాలే చెప్పాయి. ఏడాదంతా ఒకేసారి కనపడాలి, కావాలంటే మడిచి చేతిలో పట్టుకునేలా ఉండాలి. అంటే మడతల పుస్తకం.

మడతల పుస్తకం అంటే అందరూ జపాన్ పేరు చెప్తారు. మనకీ ఉంది. కడితం అనేవారు. బట్టకి చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించి, ఆరాక అటూ ఇటూ మడతలు పెట్టి, దాని మీద బలపంతో లెక్కలు రాసుకునేవారు. లెక్కల కోసం పుట్టిన పుస్తకం అది. అమ్మ రాసినవీ లెక్కలే. అందుకని ఆ పన్నెండు నెలల్నీ కడితం పద్ధతిలోనే మడిచాను. ఒక్కో షీటు అంచున సెంటీమీటరు వదిలి పక్కదానికి అతికి, రెండు చివర్లా అట్టలు వేశాను. ఒకవైపు అమ్మ గళ్ళు, వెనకవైపు నా కొలాజ్. అట్టల మీద ఆ క్యాలెండర్లు కట్టిన చీరపేలికే. దాన్లో ఒక్క కుట్టు కూడా లేదు. రెండేళ్ళు కుట్లు నేర్చుకుని, నాకు నిజంగా అక్కరకొచ్చిన మొదటి పుస్తకం కుట్టు లేకుండా చేశాను.

అప్పటినుంచి ఇదే పద్ధతి. ఒక సంగతి పట్టుకుంటాను, విడి కాగితాల మీద నెలల తరబడి చేస్తాను, చివర్లో బైండింగ్. మా నాన్నగారి ఆర్టీసీ టిక్కెట్లతో ఒకటి చేశాను. పాత పల్చటి రంగు టిక్కెట్లు, కండక్టరు పంచ్ చేసిన చిల్లులతో సహా. వాటిని అతికేటప్పుడు కర్ట్ ష్విటర్స్ అనే జర్మన్ చిత్రకారుడి గురించి చదివాను. ఆయన మొదటి ప్రపంచయుద్ధం తర్వాత హానోవర్‌లో ట్రామ్ టిక్కెట్లు, రేపర్లు, చినిగిన ప్రకటనలు ఏరుకుని కొలాజ్‌లు చేశాడు. ఒక బ్యాంకు ప్రకటనలోంచి మిగిలిన మెర్జ్ అనే ముక్కనే తన పని మొత్తానికి పేరుగా పెట్టుకున్నాడు. ఆ మాటకి అర్థం లేదు. కానీ ఆ ఊళ్ళో, ఆ రోజుల్లో కాళ్ళకింద దొరికిన కాగితం అది. మీ కొలాజ్‌లు మీవిగా అనిపించడం లేదంటే నాకు తోచే కారణం ఇదే. చేయి మీదే, కాగితం మాత్రం కొట్లోది. మందుల చీటీలు, కరెంటు బిల్లులు, శుభలేఖల పసుపు అంటిన మూలలు, పిల్లల రఫ్ నోట్సులు ఒక డబ్బాలో వేస్తూ ఉండండి. నెల రోజులకే తేడా కనపడుతుంది. న్యూస్‌పేపరు ముక్కలు మాత్రం త్వరగా పసుపెక్కి పెళుసవుతాయి, వాటికీ జిరాక్సే మేలు.

ఒక చిక్కు ముందే చెప్పాలి. కొలాజ్ చేసిన పేజీలు లావెక్కుతాయి. వాటిని మామూలుగా కుడితే వెన్ను సన్నగా, ముందువైపు లావుగా అయి పుస్తకం నోరు తెరుచుకుని ఉంటుంది. అందుకే పాత ఆల్బమ్‌లలో వెన్ను దగ్గర పేజీకీ పేజీకీ మధ్య సన్నటి పట్టీలు పెట్టి కుట్టేవారు. వేలెడు వెడల్పు కాగితపు పట్టీని నిలువునా మడిచి ప్రతి రెండు షీట్ల మధ్యా పెట్టండి. ఎన్ని పట్టీలు కావాలో పేజీలు అయిపోయాకే తెలుస్తుంది. కుట్టడం ఆఖర్న అనడానికి ఇదీ ఒక కారణం. కుట్టు విషయానికొస్తే మూడు చిల్లుల కుట్టు చాలు. మధ్య చిల్లులోంచి లోపలికి, పై చిల్లులోంచి బయటికి, వెన్ను వెంట దిగి కింది చిల్లులోంచి లోపలికి, మళ్ళీ మధ్య చిల్లులోంచి బయటికి వచ్చి ముడి. దారానికి కొవ్వొత్తి రాస్తే చిక్కుపడదు.

ఇక వయసు సంగతి. ఇంగ్లండులో మేరీ డెలనీ అని ఒకావిడ ఉండేది. 1700లో పుట్టింది. భర్త పోయాక, 72 ఏళ్ళ వయసులో రంగు కాగితాలు కత్తిరించి నల్లటి కాగితం మీద పూలు అతకడం మొదలుపెట్టింది. రేకులు, కేసరాలు, ఆకు ఈనెలతో సహా, వృక్షశాస్త్రం తెలిసినవాళ్ళు మెచ్చుకునేంత కచ్చితంగా. చూపు మందగించేదాకా పదేళ్ళలో దాదాపు వెయ్యి చేసింది. ఇప్పుడవి లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆవిడా వాటిని విడి కాగితాల మీదే చేసింది, పుస్తకాలుగా చేర్చింది తర్వాతే.

మీరు సగంలో వదిలేసిన ఆ నోట్‌బుక్‌లను పారేయకండి. బ్లేడుతో కుట్లు తెంపి, నచ్చిన పేజీలు విడదీసి నేల మీద పరవండి. నా తొమ్మిది ఖాళీ పుస్తకాల్లో ఐదింటిని అలాగే విప్పేశాను. మొదట చేయి వణికింది. మంగళగిరి అంచు వేసినదాన్ని విప్పిన కాగితాల మీద ఇప్పుడు మా పాప అమ్మమ్మ వంటలు రాస్తోంది. గోంగూర పచ్చడి దగ్గర ఉంది. నూనె మరక పడింది, అది అలాగే ఉంచమన్నాను.