రెస్టారెంట్‌లో సలాడ్ తీసుకుంటే కేలరీలు తక్కువే పడతాయా?

అన్నిసార్లూ కాదు, సలాడ్‌లో ఎన్ని కేలరీలన్నది ఎక్కువగా పైన వేసే డ్రెస్సింగ్‌ని బట్టి ఉంటుంది. కారణం అందులో కలిపే నూనె. గ్రాము పిండిపదార్థంలోగానీ ప్రొటీన్‌లోగానీ సుమారు 4 కేలరీలుంటే, గ్రాము కొవ్వులో 9 ఉంటాయి. ఆకులు, కీరదోస, టమాటా చాలావరకు నీరే కాబట్టి గిన్నెడు తిన్నా కేలరీలు కొద్దిగానే వస్తాయి. అదే గిన్నెలో 3 టేబుల్ స్పూన్ల నూనె కలిస్తే దాదాపు 360 కేలరీలు అదనం. పైగా నూనె ఆకులకు పట్టేసి కంటికి కనిపించదు, అసలు చిక్కు అక్కడే. ఆలివ్ నూనె అయితే ఎంత వేసినా ఫర్వాలేదని చాలామంది అనుకుంటారు. అది గుండెకు మంచిదే, కానీ కేలరీల లెక్కలో ఏ నూనైనా ఒకటే. అందుకే డ్రెస్సింగ్ విడిగా ఇమ్మని అడగండి, కావలసినంతే వేసుకోవచ్చు.